3 టెస్లా కన్నా ముందు ఐసునీళ్లు

విజయనగరంలో 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలం కొలత) ఎంఆర్ఐ మెషిన్ ఒక్కటే అందుతోంది, మతిమరుపు జబ్బుల మీద కొత్త డిఫ్యూజన్ ఎంఆర్ఐ (మెదడులో నీటి కదలికని కొలిచే స్కాన్) పద్ధతి తయారుచెయ్యాలంటే 3 టెస్లా కోసం విశాఖ పోవాలా అని అడిగారు. అక్కర్లేదు. ఈ పద్ధతికి ఆద్యుల్లో ఒకడైన లె బిహాన్ 1986లో మెదడు డిఫ్యూజన్ బొమ్మలు తీసింది 0.5 టెస్లా మీదే. ముందు మీ మెషిన్ చెప్పే అంకె నిజమో కాదో తేల్చుకోండి. దానికి ఐసు చాలు.

సున్నా డిగ్రీల నీటికి ఏడీసీ, అంటే నీటి అణువులు ఎంత వేగంగా చెదురుతాయో చెప్పే అంకె, సెకనుకి 0.0011 చదరపు మిల్లీమీటర్లు. వాడుకలో 1.1 అంటాం. సిక్కోల్లో కొలిచినా జర్మనీలో కొలిచినా అంతే రావాలి.

డిస్టిల్డ్ వాటర్ కాచి చల్లార్చి, 3 సెంటీమీటర్ల వెడల్పున్న ప్లాస్టిక్ గొట్టంలో మూతదాకా నింపండి. కాచకపోతే గోడకి బుడగలు పడతాయి, బుడగ పక్కన ఈపీఐ (డిఫ్యూజన్‌కి వాడే వేగవంతమైన స్కాన్ పద్ధతి) బొమ్మ వంకరపోతుంది. హెడ్ కాయిల్‌లో (తల చుట్టూ పెట్టే సిగ్నల్ అందుకునే చట్రం) పట్టే ప్లాస్టిక్ డబ్బాలో గొట్టం పెట్టి, చుట్టూ దంచిన ఐసు వేసి, సందులు నిండేలా చన్నీళ్లు పొయ్యండి. స్టీలు ఫ్లాస్కు గదిలోకి తేవద్దు. చేపల రేవు ఐసు చవకే గానీ, ఉప్పు తగిలిందంటే సున్నా కిందకి దిగుతుంది, ఏడీసీ తగ్గుతుంది, తప్పు మెషిన్ మీద పడుతుంది. మంచినీళ్ల ఐసే వాడండి. గంటసేపు కదపకండి. మన వేసవిలో ఈలోపే ఐసు కరిగిపోతుంది, నీళ్లు వంచి మళ్లీ వెయ్యాలి.

బీ విలువలు (నీటి కదలికని స్కాన్ ఎంత గట్టిగా పట్టాలో చెప్పే అంకెలు) 0, 1000. మూడు దిశలు, 5 మిల్లీమీటర్ల స్లైసు. వెంటవెంటనే నాలుగుసార్లు తీసి, గొట్టం నడిమధ్యన 1 సెంటీమీటరు వలయంలో సగటు చూడండి. అంచు తగలకూడదు. వరసగా పెరుగుతూ పోతే నీళ్లు వేడెక్కుతున్నట్టు. పైకీ కిందకీ ఊగితే సిగ్నల్ చాలట్లేదు. నాలుగుసార్లూ కదలకుండా 1.2 దగ్గరే నిలబడితే మూడు దిశలూ విడదీసి చూడండి. ఒక్క దిశే తేడాగా ఉంటే ఆ దిశ గ్రేడియంట్ (అయస్కాంత బలాన్ని ఆ దిశలో మార్చే తీగచుట్ట) కాలిబ్రేషన్ పోయినట్టే, ఇంజినీరుని పిలవండి. తర్వాత గొట్టాన్ని నడుమ నుంచి 8 సెంటీమీటర్లు జరిపి మళ్లీ తియ్యండి, గ్రేడియంట్ అక్కడ ఎంత వంగుతోందో తెలుస్తుంది. ఇది ఊరికే చెప్పట్లేదు. గూని ఉన్న పెద్దవాళ్ల తల కాయిల్ నడుమకి రాదు.

పక్షవాతంలో ఏడీసీ 0.6 కిందకి పడిపోతుంది, కంటికే ఆనుతుంది. మతిమరుపులో అలా కాదు. మెదడులో బాగున్న తెల్ల పదార్థం (నరాల తీగలుండే భాగం) 0.7, 0.8 మధ్య ఉంటే, జబ్బు మొదట్లో తెచ్చే తేడా కొద్ది శాతమే. మెషినే పది శాతం తప్పు చెప్తుంటే 7 టెస్లా తెచ్చినా దండగ.

ఇంకోటి, ఇది చాలా బాధ కలిగించేది. మన జిల్లాల్లో స్కాన్ తీశాక ఫిల్మూ, జేపెగ్ బొమ్మలూ చేతిలో పెట్టి పంపేస్తారు. వాటిలో ఏడీసీ అంకెలుండవు. రోగి ఒప్పుకుంటే డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు డేటా ఉండే ఫైళ్లు), బీ 0 బొమ్మతో సహా, అడిగి దాచుకోండి. తల కదిలిన స్కాన్‌ని కంప్యూటర్లో సరిచేసినప్పుడు గ్రేడియంట్ దిశల పట్టికని కూడా అంతే తిప్పండి, చాలామంది మర్చిపోయేది ఇదే. సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ అయిన ప్రతిసారీ, రోగిని పడుకోబెట్టే ముందు, మళ్లీ ఐసు పెట్టండి.