టెక్ సందేహాలు: ‘అప్రూవ్డ్’ అని ఉంది, మరి వీసా ఏదీ?

ఈ వారం ఫోన్ల ప్రశ్నలు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు పక్కన పెట్టాను. అమెరికాలో ఉన్న అన్నయ్యో, భార్యో, అమ్మాయో వేసిన ఫ్యామిలీ పిటిషన్ ఎక్కడిదాకా వచ్చిందో ఆన్‌లైన్‌లో చూసుకోవడం తెలియక చాలామంది రాశారు. నేను ఇమిగ్రేషన్ లాయర్ని కాను. తెర మీద కనబడేదాన్ని ఎలా చదవాలో మాత్రం చెప్పగలను. నిజానికి సగం టెన్షన్ ఆ చదవడంలోనే ఉంది.

ప్రశ్న: మా అన్నయ్య న్యూజెర్సీలో సిటిజన్. 2009 జూన్‌లో నా పేరు మీద పిటిషన్ వేశాడు. 2013 సెప్టెంబర్ నుంచి సైట్‌లో ‘కేస్ వాజ్ అప్రూవ్డ్’ అనే ఉంది. మా అబ్బాయి వారం వారం చూసి ‘అమ్మా, ఏం మారలేదు’ అంటాడు. ఆ సైట్ అసలు పనిచేస్తోందా? వాడికిప్పుడు 19 ఏళ్లు. మాతోపాటు రాగలడా?
– తెనాలి నుంచి ఒక పాఠకురాలు

సైట్ బాగానే ఉందమ్మా. మీవాడు చూస్తున్న చోట ఇక మారడానికి ఏమీ లేదు, అంతే. ఆ సైట్ యూఎస్‌సీఐఎస్‌ది, అంటే పిటిషన్లు పరిశీలించే అమెరికా ఇమిగ్రేషన్ విభాగానిది. మీరిద్దరూ తోబుట్టువులేనా, అన్నయ్య సిటిజనేనా అన్నదే వాళ్లు తేల్చేది. అది 2013లో తేలిపోయింది. అప్రూవ్ అయ్యాక ఫైలు న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం పోర్ట్స్‌మత్‌లోని నేషనల్ వీసా సెంటర్‌కి వెళుతుంది. అందరూ ఎన్‌వీసీ అనేది దాన్నే. ఇక మీ వంతు ఎప్పుడన్నది ఈ రెండు చోట్లా కాదు, అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వేసే వీసా బులెటిన్‌లో చూడాలి. వారం వారం చూడక్కర్లేదు, నెలకోసారి చాలు.

అన్నయ్య దగ్గర ఐ-797 అనే నోటీసు ఉంటుంది. ఫోటో తీసి పంపమనండి. అందులో ‘ప్రయారిటీ డేట్’ అన్న గడి చూడండి. అది అప్రూవ్ అయిన తేదీ కాదు, పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌కి చేరిన తేదీ. మీది 2009 జూన్ అవుతుంది. బులెటిన్‌లో ఫ్యామిలీ ‘ఫైనల్ యాక్షన్ డేట్స్’ పట్టిక తెరిచి, తోబుట్టువులదైన ‘ఎఫ్4’ వరసలో ఇండియా కింద ఏ తేదీ ఉందో చూడండి. మీ తేదీ దానికంటే ముందుదైతే వంతు వచ్చినట్టు. 2025 చివర్లో ఆ గడి 2006 దగ్గర ఉంది.

అయితే ఇంకో రెండున్నరేళ్లేగా అనుకోకండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 2022లో ఆ గడి నెలల తరబడి 2005 సెప్టెంబర్ 15 దగ్గరే ఉండిపోయింది. అప్పటినుంచి 2025 చివరిదాకా అది నడిచింది ఏడాదిన్నర లోపే. బులెటిన్‌లో రెండున్నరేళ్లు గడవడానికి మన క్యాలెండర్‌లో ఆరేడేళ్లు పట్టినా ఆశ్చర్యపోనవసరం లేదు. ప్రపంచం మొత్తానికీ ఎఫ్4 కింద ఇచ్చేవి ఏడాదికి 65,000 వీసాలు. అందులో భార్యాభర్తలు, పిల్లలూ లెక్కకే వస్తారు. మీరు, మీవారు, ఇద్దరు పిల్లలు అంటే ఒక్క పిటిషన్ మీద నాలుగు నంబర్లు. దాని మీద ఏ ఒక్క దేశానికీ మొత్తంలో 7 శాతానికి మించి పోకూడదన్న నిబంధన. ఎఫ్4 పట్టికలో ఇండియాకు విడిగా వెనకటి తేదీ కనిపించేది అందుకే.

ఇక అబ్బాయి సంగతి. 21 నిండితే లెక్కలోంచి పోతాడన్నది మామూలు నియమం. కానీ 2002లో వచ్చిన పిల్లల వయసు రక్షణ చట్టం కొంత ఊరటనిస్తుంది. పిటిషన్ యూఎస్‌సీఐఎస్ దగ్గర పెండింగ్‌లో ఉన్నంత కాలాన్ని వయసులోంచి తీసేయొచ్చు. మీకు 2009 జూన్ నుంచి 2013 సెప్టెంబర్ దాకా, అంటే సుమారు నాలుగేళ్ల మూడు నెలలు. ఎక్సెల్‌లో ఒక గడిలో అబ్బాయి పుట్టిన తేదీ వేసి, దానికి 21 ఏళ్లు, ఆపైన నోటీసుల్లో ఉన్న తేదీలను బట్టి పెండింగ్ రోజులు కలపండి. అలా తేలిన తేదీ లోపు మీ వంతు రావాలి. అంటే వాడికి పాతికేళ్ల మూడు నెలలు నిండేలోపు. పైన చెప్పిన ఆరేడేళ్ల అంచనాతో పోల్చి చూస్తే అటో ఇటో అన్నట్టుంది. వాడి చదువు, ఉద్యోగం ఈ పిటిషన్‌ను నమ్ముకుని ఆపకండి. వాడికి పెళ్లయితే ఈ లెక్క పనికిరాదు. వంతు వచ్చాక ఏడాదిలోపు దరఖాస్తు కదపాలి. అప్పటికి తేదీ అటూ ఇటూగా ఉంటే ఓ లాయర్‌కి డబ్బు పెట్టడం దండగ కాదు.

ప్రశ్న: నా భార్యకు గ్రీన్‌కార్డు ఉంది. 2023 మార్చిలో నాకు పిటిషన్ వేసింది. ఇప్పుడు ఎన్‌వీసీ నుంచి వచ్చిన మెయిల్‌లో బీఎంబీ 2024 613తో మొదలయ్యే కేస్ నంబర్ ఉంది. 2024 అంటే క్యూలో ఏడాది వెనక్కి పోయానా?
– కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

ఎక్కడికీ పోలేదు. ‘బీఎంబీ’ అంటే ముంబై కాన్సులేట్. ఇండియాలో ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు ఎక్కువగా అక్కడే. 2024 ఎన్‌వీసీలో మీ కేసు తెరిచిన సంవత్సరం. తర్వాతి మూడంకెల్లోంచి 500 తీసేయండి. 613లో 500 పోతే 113. ఆ ఏడాదిలో 113వ రోజు, లీపు సంవత్సరం కాబట్టి ఏప్రిల్ 22. చివరి మూడంకెలు ఆ రోజు వరస సంఖ్య. అవి ఎవరికీ చెప్పకండి, నాకు కూడా. క్యూలో మీ చోటు మాత్రం 2023 మార్చి తేదీదే. దానికీ కేస్ నంబర్‌కీ సంబంధం లేదు.

పిటిషన్ అందాక యూఎస్‌సీఐఎస్ ఇచ్చే పాత రిసీట్ నంబర్లనూ ఇలాగే విప్పొచ్చు. ‘ఈఏసీ’ అంటే వెర్మాంట్ సెంటర్, ‘డబ్ల్యూఏసీ’ అంటే కాలిఫోర్నియా. ఆ పక్కన ఉండే రెండంకెలు వాళ్ల ఆర్థిక సంవత్సరం. అది అక్టోబర్ 1న మొదలవుతుంది. ఈమధ్య వచ్చే ‘ఐఓఈ’ నంబర్లలో మాత్రం ఈ కిటుకు పనిచేయదు.

మీ వరస ‘ఎఫ్2ఏ’, అంటే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల జీవిత భాగస్వాములు, పిల్లలది. బులెటిన్‌లో రెండు పట్టికలు ఉంటాయి. ‘డేట్స్ ఫర్ ఫైలింగ్’ ప్రకారం ఎన్‌వీసీ ఫీజులు, కాగితాలు అడుగుతుంది. వీసా చేతికి రావాలంటే ‘ఫైనల్ యాక్షన్ డేట్స్’ పట్టికలో వంతు రావాలి. మొదటిది చూసి ఉద్యోగానికి నోటీసు ఇచ్చేవాళ్లున్నారు, ఆ పని చేయకండి. ఈ వరస ముందుకు దూకడమే కాదు, వెనక్కీ జారుతుంది. చాలాకాలం ‘కరెంట్’, అంటే క్యూయే లేదు అన్నట్టు ఉన్న ఎఫ్2ఏ 2023 ఏప్రిల్ బులెటిన్‌లో ఒక్కసారిగా 2020 సెప్టెంబర్‌కి పోయింది.

ఈలోగా మీ భార్య సిటిజన్ అయితే ఈ క్యూ గొడవే పోతుంది. సిటిజన్ల జీవిత భాగస్వామికి, 21 లోపు పిల్లలకు, తల్లిదండ్రులకు సంఖ్యాపరిమితి లేదు. సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కాపీ ఎన్‌వీసీకి పంపితే మీ కేసు మారుస్తారు. ఒక్క మెలిక ఉంది: ఆ కేటగిరీలో మీ వెనక పిల్లలు రాలేరు, పిల్లలుంటే ఒక్కొక్కరికీ వేరే పిటిషన్ వేయాలి.

ప్రశ్న: నా భార్య అమెరికన్ సిటిజన్. నాకోసం వేసిన ఫ్యామిలీ పిటిషన్ (ఐ-130 ఫారం) పెండింగ్‌లో ఉంది. ఐదు నిమిషాలకోసారి స్టేటస్ చూసేలా పైథాన్ స్క్రిప్ట్ రాశాను. రెండు రోజులు నడిచింది, ఇప్పుడు సైటే తెరుచుకోవడం లేదు. స్టేటస్ చూపే యాప్‌లు నమ్మొచ్చా?
– గచ్చిబౌలి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్

మీ ఐపీ (ఇంటర్నెట్ అడ్రస్) బ్లాక్ అయింది, ఇంకేం. స్క్రిప్ట్ ఆపేసి కొన్ని రోజులు ఊరుకోండి. నెలలకోసారి మారే మాటను ఐదు నిమిషాలకోసారి అడిగి ఏం లాభం? ఆవిడ యూఎస్‌సీఐఎస్ అకౌంట్‌లోకి వెళ్లి ఈమెయిల్, ఎస్ఎంఎస్ అలర్ట్‌లు పెట్టుకుంటే చాలు, మారిన రోజున అదే చెబుతుంది. కోడ్ రాయకుండా ఉండలేను అంటే, యూఎస్‌సీఐఎస్ వాళ్లే డెవలపర్లకు కేస్ స్టేటస్ ఏపీఐ (ప్రోగ్రామ్‌లు నేరుగా సమాచారం అడిగే దారి) ఇస్తున్నారు. రిజిస్టర్ చేసుకుని, అనుమతి తీసుకుని వాడుకోవచ్చు.

యాప్‌ల విషయానికొస్తే, రిసీట్ నంబర్ ఒక్కటే అడిగేవి ఫర్వాలేదు. అకౌంట్ పాస్‌వర్డో పాస్‌పోర్ట్ స్కానో అడిగితే తీసేయండి. ‘మీ కేసు ఫలానా తేదీకి అవుతుంది’ అని జోస్యం చెప్పేవాటిని నేను పట్టించుకోను. పక్క నంబర్ల వాళ్లకు ఏమైందో చూసి వేసే అంచనా అది, మీ ఫైలు తెరిచి చూసి చెప్పింది కాదు.

యూఎస్‌సీఐఎస్ ‘ప్రాసెసింగ్ టైమ్స్’ పేజీలో కనిపించే నెలలు సగటు కాదు. 80 శాతం కేసులు అంతకాలంలోపు పూర్తయ్యాయని అర్థం. మిగతా 20 శాతంలో మీరు ఉండొచ్చు. అదే పేజీలో రిసీట్ తేదీ వేస్తే, ‘నా కేసు ఏమైంది’ అని అధికారికంగా ఎప్పటినుంచి అడగొచ్చో చూపిస్తుంది. క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోవాల్సింది ఆ తేదీకి.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో సిటిజన్. మా దంపతులకు వేసిన కేసు ఎన్‌వీసీలో ‘డాక్యుమెంటరీలీ క్వాలిఫైడ్’ అని వచ్చి నెలలైంది. ఇంటర్వ్యూ తేదీ లేదు. ఇక్కడ ఒకాయన రూ.60,000 ఫోన్‌పే చేస్తే హైదరాబాద్‌లోనే తొందరగా తేదీ ఇప్పిస్తానంటున్నాడు.
– విజయవాడ నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి

ఇవ్వకండి సార్. హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు జరగవు, అబద్ధం అక్కడే దొరికిపోయింది. మీ కేసు నడిచే సీయాక్ అనే విదేశాంగ శాఖ వీసా పోర్టల్‌లో కట్టేవి రెండు ఫీజులే. వీసా దరఖాస్తుకు మనిషికి 325 డాలర్లు, స్పాన్సర్ అఫిడవిట్ (మీ పోషణకు అమ్మాయి ఇచ్చే హామీపత్రం) పరిశీలనకు 120 డాలర్లు. అవి కూడా అమెరికన్ బ్యాంకు ఖాతా నుంచే కట్టాలి. క్వాలిఫైడ్ అయ్యారంటే ఆ రెండూ మీ అమ్మాయి కట్టేసిందన్నమాటే. ఫోన్‌పేకి అక్కడ చోటే లేదు.

‘క్వాలిఫైడ్’ అంటే కాగితాలన్నీ సరిపోయాయి, ముంబైలో ఖాళీ కోసం వరసలో ఉన్నారు అని. మీకు వీసా నంబర్ల కొరత లేదు, ఇంటర్వ్యూ స్లాట్‌లదే ఆలస్యం. ట్రావెల్ డాట్ స్టేట్ డాట్ గవ్ సైట్‌లో ఇమిగ్రెంట్ వీసా షెడ్యూలింగ్ స్టేటస్ అనే టూల్ ఉంది. ముంబై ఎంచుకుంటే, ఏ నెలలో క్వాలిఫై అయినవాళ్లకు ఇప్పుడు తేదీలు ఇస్తున్నారో కేటగిరీల వారీగా కనిపిస్తుంది. మీ మెయిల్‌లోని నెలతో పోల్చుకోండి. స్పామ్ ఫోల్డర్ కూడా ఓసారి చూడండి. సీయాక్‌లో ఇచ్చిన ఈమెయిల్ ఎవరిదో అమ్మాయిని అడగండి. ఫారం నింపిన ఏజెంట్‌ది అయితే ఈ రోజే మార్పించండి, ఇంటర్వ్యూ లెటర్ దానికే వస్తుంది.

ఈలోగా జనన ధ్రువపత్రాల ఒరిజినల్స్ సిద్ధం చేసుకోండి. మీ వయసువాళ్లలో చాలామందికి పుట్టుక నమోదే జరగలేదు. మునిసిపాలిటీ ఇచ్చే ‘నాన్ అవైలబిలిటీ’ సర్టిఫికెట్, దానికి తోడు పదో తరగతి సర్టిఫికెట్ లాంటి పాత ఆధారాలు, పెద్దల అఫిడవిట్‌లు పెట్టి ఉంటారు. స్కాన్ అప్‌లోడ్ చేశాం కదా అని ఒరిజినల్ ఇంట్లో వదిలి వెళ్లకూడదు.

ప్రశ్న: ముంబైలో ఇంటర్వ్యూ అయింది. ఆఫీసర్ ఒక కాగితం తక్కువైంది, పంపమన్నారు. సాయంత్రం చూస్తే ఆన్‌లైన్‌లో ‘రిఫ్యూజ్డ్’! ఇంట్లో అందరూ ఏడుపు.
– నిజామాబాద్

ఏడవద్దనండి. కాగితం బాకీ ఉన్నా, ఇంకా పరిశీలనలో ఉన్నా సీయాక్ చూపించేది ఆ మాటే. చట్టంలో 221(జీ) సెక్షన్ కింద తాత్కాలికంగా ఆపినట్టు లెక్క. ఆఫీసర్ ఇచ్చిన స్లిప్ మీద అదే నంబర్ ఉందో లేదో చూడండి. ఉంటే, అందులో రాసిన పద్ధతిలోనే కాగితం పంపండి, కొరియర్ రసీదు దాచుకోండి. ఏడాదిలోపు పంపకపోతే మాత్రం మళ్లీ ఫీజు కట్టి దరఖాస్తు చేసుకోవాల్సి వస్తుంది. అది చేరాక ‘అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్’ అని కనిపించొచ్చు. చివరికి ‘ఇష్యూడ్’ అని పడ్డాక, పాస్‌పోర్ట్ చేతికొచ్చాక విమానం టికెట్ కొనండి.