దావత్ తర్వాత వాంతుల్లో రక్తం: సమాధానం

మీ తమ్ముడికి దావత్ రాత్రి ముందు మామూలు వాంతులై, చివరి రెండింటిలోనే రక్తం పడిందన్నారు కాబట్టి ఇది ఎక్కువగా మాలరీ-వైస్ టియర్ అయి ఉంటుంది. అంటే వాంతుల ఒత్తిడికి అన్నవాహిక, కడుపు కలిసే చోట లోపలి పొర చీలడం. చాలామందికి దానంతటదే ఆగుతుంది. కానీ రోజూ తాగే మనిషైతే లివర్ పాడై ఉబ్బిన రక్తనాళం పగిలినా ఇలాగే పడుతుంది, అది ప్రాణాల మీదికి తెస్తుంది. తేల్చేది ఎండోస్కోపీయే (నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి లోపల చూడటం), 24 గంటల్లోపు కావాలి.

అందరూ వదిలేసేది ఒకటుంది. వాంతులు ఆగాయి కదా అని పడుకోబెడతారు, రక్తం మాత్రం లోపల కిందికి దిగుతూనే ఉండొచ్చు. విరేచనం తారులా నల్లగా, జిగటగా, చెడు వాసనతో వస్తుందా అని సిగ్గుపడకుండా అడగండి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా, గుండె దడదడ కొట్టుకుంటోందా కూడా చూడండి.

1. వీటిలో ఏదున్నా, మళ్లీ రక్తం పడినా వెంటనే 108. ఛాతీలో భరించలేని నొప్పి, ఆయాసం ఉంటే అన్నవాహిక గోడ మొత్తం చిరిగి ఉండొచ్చు, అస్సలు ఆగొద్దు.
2. అవేవీ లేకున్నా ఇవాళే దేవరకొండ నుంచి నల్గొండ తీసుకెళ్లండి, ఎండోస్కోపీ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.
3. డాక్టర్ చూసేదాకా తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు.
4. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్ వద్దు, ఎవరిచ్చినా సరే. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కు ముందే చెప్పండి.

ఇది ఆ చీలికే అయి, రక్తం ఆగి ఉంటే యాసిడ్ తగ్గించే మందులతో సరిపోతుంది, ఆగకపోతే ఎండోస్కోపీలోనే చీలికకు క్లిప్ వేస్తారు.