‘నువ్వు’ అన్న పిలుపును వదులుకోకు

చిరంజీవికి,

ఆశీస్సులు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి మీద నువ్వు రాస్తున్న నవల మొదటి మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్, క్వేకరైన విలియం పెన్ తండ్రికి బాకీపడిన 16,000 పౌండ్ల కింద 1681లో ఆ నేలను పెన్‌కు రాసిచ్చిన ఘట్టం చక్కగా కుదిరింది. కానీ మరుసటి ఏడు పెన్‌తో బయలుదేరిన ‘వెల్కమ్’ ఓడలో మశూచి సోకి సుమారు ముప్ఫైమంది చనిపోవడాన్ని ఒక్క వాక్యంతో దాటేశావు. డెలావేర్ నది గట్టు తొలిచి, ఆ గుహల్లో తొలి చలికాలం గడిపినవాళ్ల గురించి అసలు రాయనే లేదు. పెన్ తన కొత్త పట్టణం ఫిలడెల్ఫియా నక్షా చూసుకుంటున్న రోజుల్లో ఆ గుహలో పొయ్యి రాజేసిన ఇల్లాలి దగ్గర కొంతసేపు కూర్చో.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది సంభాషణ. నీ క్వేకర్లు న్యాయాధికారిని ‘మీరు’ అంటున్నారు. వాళ్లు రాజునైనా, కూలివాడినైనా ఒకే ఏకవచనంతో, అంటే అప్పటి ఇంగ్లీషులోని ‘దౌ’తో, పిలిచారు. ఎవరి ముందూ టోపీ తీయలేదు. 1670లో లండన్ న్యాయస్థానంలో టోపీ తీయనందుకు పెన్‌కు జరిమానా పడింది. ఆ పిలుపులోని తెగువ నేటి ఇంగ్లీషు పాఠకుడి చెవికి అందదు, ఎందుకంటే అక్కడ ఆ భేదమే చెరిగిపోయింది. మనకు అది ఇంకా సజీవంగా ఉంది. పెద్దమనిషిని ‘నువ్వు’ అంటే గదిలో గాలి ఎలా బిగుసుకుంటుందో తెలుగు పాఠకుడికి విడమరచి చెప్పనక్కరలేదు. ఇంత వరం చేతిలో ఉండగా మర్యాద కోసం దాన్ని వదులుకోకు.

వారాల, నెలల పేర్లలో అన్యదేవతల పేర్లు ఉన్నాయని వాళ్లు ఆదివారాన్ని ‘మొదటి రోజు’ అన్నారు. అప్పటి లెక్కలో మార్చి మొదటి నెల కాబట్టి, పెన్సిల్వేనియాలోని చెస్టర్‌లో తొలి శాసనసభ కూడిన 1682 డిసెంబరు నీ పాత్రల నోట ‘పదవ నెల’ కావాలి.

ఇక నువ్వు తప్పించుకున్న చోటికి వస్తాను. 1684లో ‘ఇసబెల్లా’ అనే ఓడ 150 మంది ఆఫ్రికన్లను ఫిలడెల్ఫియాకు బానిసలుగా తెచ్చింది. కొన్నవారిలో క్వేకర్లు ఉన్నారు. పెన్‌కూ బానిసలు ఉన్నారు. 1688లో ఫిలడెల్ఫియా దగ్గరి జర్మన్‌టౌన్‌లో అక్కడి జర్మన్ వలసదారుల నాయకుడు పాస్టోరియస్, మరి ముగ్గురు దీన్ని ఖండిస్తూ రాసిన విన్నపాన్ని, క్వేకర్ల సభల్లో కింది మెట్టైన నెలవారీ సమావేశం పై మెట్టైన త్రైమాసిక సమావేశానికి, అది వార్షిక సమావేశానికి పంపగా, చివరికి అక్కడ పక్కన పెట్టేశారు. బానిసలను ఉంచుకునే సభ్యులను బహిష్కరించాలని ఫిలడెల్ఫియా వార్షిక సమావేశం తీర్మానించేసరికి 1776 వచ్చింది.

మతం కోసం జైళ్లలో మగ్గి వచ్చినవాళ్లే ఇలా ఎలా చేయగలిగారన్న ప్రశ్నకు నువ్వు వ్యాఖ్యానం రాయవద్దు. ఒక ప్రార్థన సమావేశం రాయి. పురోహితుడు లేడు, పాట లేదు. ప్రేరణ కలిగితే స్త్రీయైనా లేచి మాట్లాడవచ్చు. గంటసేపు ఎవరూ లేవలేదు. బయట ఒక బానిస గుర్రాలను పట్టుకుని నిలబడి ఉన్నాడు. సమావేశం ముగిశాక యజమాని అతడిని ‘నువ్వు’ అంటాడు. అతడు యజమానిని ఏమని పిలుస్తాడు?

ఆ అధ్యాయం రాశాక ముందుగా నాకు పంపు. ఎదురుచూస్తుంటాను.

నీ శ్రేయోభిలాషి