ఆ 502 పంపింది ఎవరు?

చిరంజీవి శ్రావణికి పిన్ని ఆశీస్సులు.

నీ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తున్న సైటును ఎన్‌గ్రాక్‌తో (మన కంప్యూటర్‌లోని సైటుకు ఇంటర్నెట్ నుంచి టన్నెల్ అనే దారి వేసే సాధనం) బయటికి తెరిస్తే 502 (అవతలి నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్) వస్తోందని రాశావు. పోర్టు (ప్రోగ్రామ్ రిక్వెస్టులు అందుకునే తలుపు నంబరు) మార్చావట, ఫైర్‌వాల్ ఆపేశావట, చివరికి జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌ను తీసేసి మళ్లీ ఎక్కించావట. ముందు ఆ ఫైర్‌వాల్‌ను మళ్లీ ఆన్ చెయ్యి. టన్నెల్ కోసం దాన్ని ఆపనక్కర్లేదు. నీ కంప్యూటరే బయటి సర్వర్‌కు కనెక్షన్ కలుపుకుంటుంది, వచ్చే రిక్వెస్టులన్నీ ఆ కనెక్షన్ మీదుగానే లోపలికి వస్తాయి.

ఏదీ మార్చకముందు తేల్చుకోవలసింది ఒక్కటే: ఆ ఎర్రర్ ఎవరు పంపారు? బ్రౌజర్‌లో బయలుదేరిన రిక్వెస్టు మొదట టన్నెల్ సంస్థ సర్వర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి నీ కంప్యూటర్‌లో నడుస్తున్న ఏజెంట్‌కు (టన్నెల్ సంస్థ ఇచ్చిన చిన్న ప్రోగ్రామ్), ఏజెంట్ నుంచి నీ ప్రోగ్రామ్‌కు వస్తుంది. ఈ ముగ్గురిలో ఎవరైనా కాదనవచ్చు. ఎవరు కాదన్నారో తెలియకుండా సెట్టింగులు మారుస్తూ పోతే, బాగున్నవి కూడా పాడవుతాయి.

ఎన్‌గ్రాక్ ఎర్రర్ పేజీలో ఒక కోడ్ ఉంటుంది, దాన్ని చదవకుండా పేజీ మూయకు. 3200 అయితే ఏజెంట్ నడవడం లేదు, లేదా నువ్వు పాత చిరునామా తెరిచావు. 4018 అయితే (ఇది పేజీలో కాదు, ఏజెంట్‌ను నడిపే టెర్మినల్‌లో వస్తుంది) నీ ఖాతా టోకెన్, అంటే రహస్య కీ, ఇవ్వలేదు. 8012 అయితే టన్నెల్ నిక్షేపంగా ఉంది, రిక్వెస్టు ఏజెంట్ దాకా వచ్చింది, నీ ప్రోగ్రామే అందుకోలేదు. ఎన్‌గ్రాక్ బదులు క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ టన్నెల్ వాడితే 1033 కనిపించినప్పుడు ఏజెంట్‌ను చూడాలి, 502 కనిపించినప్పుడు నీ ప్రోగ్రామ్‌ను చూడాలి.

నువ్వు పంపిన ఫోటోలో ఉన్నది 8012. దాని కిందే 127.0.0.1:5173 దగ్గర కనెక్షన్ నిరాకరించారని కూడా ఉంది. జవాబు సగం అక్కడే దొరికింది.

లోకల్‌హోస్ట్, అంటే ‘ఈ కంప్యూటరే’ అనే పేరుకు రెండు చిరునామాలున్నాయి. 127.0.0.1 పాత ఐపీవీ4 పద్ధతిది, ::1 కొత్త ఐపీవీ6 పద్ధతిది. ఒకప్పుడు నోడ్ ఐపీవీ4నే ముందుకు తెచ్చేది. 2021లో వచ్చిన 17వ వెర్షన్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వరసలో ఇస్తే ఆ వరసలోనే తీసుకుంటోంది. అందువల్ల చాలా కంప్యూటర్లలో వీట్ సర్వర్ (నీ సైటును నడిపే నోడ్ సాధనం) ::1 మీద మాత్రమే వింటుంది. బ్రౌజర్ రెండు చిరునామాలూ ప్రయత్నిస్తుంది కనుక నీకు పేజీ కనిపిస్తోంది. ఏజెంట్ మాత్రం నువ్వు చెప్పిన 127.0.0.1కే వెళ్తుంది, అక్కడ వినేవారు లేరు. నమ్మకం కుదరకపోతే టెర్మినల్‌లో కర్ల్ అనే ఆదేశంతో 127.0.0.1:5173ను ఒకసారి, [::1]:5173ను ఒకసారి అడిగి చూడు. ఒకటి పేజీ ఇచ్చి రెండోది నిరాకరిస్తే ఇక సందేహం లేదు.

వీట్ సెట్టింగుల్లో హోస్ట్‌గా 127.0.0.1 రాస్తే సరిపోతుంది. 0.0.0.0 పెట్టమని నీకు చాలామంది చెబుతారు. అదీ పనిచేస్తుంది, కానీ అదే వైఫైలో ఉన్న వాళ్లందరికీ నీ సర్వర్ తెరుచుకుంటుంది. హాస్టల్ వైఫైలో ఆ పని చేయవద్దు. డాకర్ కంటైనర్ (ప్రోగ్రామ్‌ను విడిగా ఉంచి నడిపే పెట్టె లాంటిది) లోపల నడిపేటప్పుడు మాత్రం 0.0.0.0 తప్పదు, ఎందుకంటే కంటైనర్ లోపలి 127.0.0.1 దాని సొంతం, బయట ఉన్న ఏజెంట్‌కు అందదు.

మీ స్నేహితురాలి మ్యాక్‌లో ఫ్లాస్క్ (పైథాన్‌తో సైట్లు కట్టే సాధనం) 403, అంటే అనుమతి లేదనే ఎర్రర్, ఇస్తోందన్నావు కదా, అది ఫ్లాస్క్ ఇచ్చింది కాకపోవచ్చు. 2021 నాటి మాంటెరీ వెర్షన్ నుంచి మ్యాక్‌లో ఎయిర్‌ప్లే రిసీవర్ (వేరే పరికరం నుంచి పాటలు, వీడియోలు అందుకునే సదుపాయం) 5000 పోర్టును పట్టుకుని కూర్చుంటుంది. జవాబు హెడర్లలో సర్వర్ పేరు ఎయిర్‌ట్యూన్స్ అని ఉంటే పోర్టు మార్చుకోమను.

ఈ 502 పోగానే నీకు మరో ఎర్రర్ ఎదురవుతుంది: ఈ హోస్ట్‌కు (సైటు పేరుకు) అనుమతి లేదని. కంగారు పడకు, ఆ మాట అంటున్నది వీట్ సర్వరే. అంటే రిక్వెస్టు చివరిదాకా వచ్చింది. ఏదో ఒక దుష్ట సైటు తన పేరును 127.0.0.1కు తిప్పి, నీ బ్రౌజర్ ద్వారానే నీ సర్వర్‌లోని కోడ్ చదివేయకుండా 2025 జనవరిలో వీట్ ఈ తనిఖీ పెట్టింది. అనుమతించిన హోస్టుల జాబితాలో నీ టన్నెల్ పూర్తి పేరు ఒక్కటే చేర్చు. అన్నిటికీ అనుమతి ఇచ్చేస్తే ఆ కాపలా ఉండీ లేనట్టే. పైథాన్ సాధనమైన జాంగోలో కూడా ఇలాంటి జాబితా ఉంది, అక్కడ అన్నిటికీ అనుమతి ఇచ్చే నక్షత్రం గుర్తు పెట్టే అలవాటు చేసుకోకు. జాంగో 4 నుంచి సీఎస్‌ఆర్‌ఎఫ్ (వేరే సైటు నీ పేరున ఫారం పంపే మోసం) కోసం ఉన్న నమ్మకమైన చిరునామాల జాబితాలో నీ టన్నెల్ చిరునామాను ముందు https:// తో సహా రాయాలి, అది జాబితాలో లేకపోతే ఫారాలు 403తో వెనక్కి వస్తాయి.

తర్వాత పేమెంట్ వెబ్‌హుక్ (డబ్బు కట్టగానే పేమెంట్ గేట్‌వే నీ సైటుకు పంపే కబురు) పరీక్షిస్తానన్నావు. అప్పుడు నీ బ్రౌజర్‌లో 127.0.0.1:4040 తెరిచి పెట్టుకో. వచ్చిన ప్రతి రిక్వెస్టునూ ఎన్‌గ్రాక్ అక్కడ చూపిస్తుంది, పాతదాన్ని మళ్లీ పంపి చూసే వీలూ ఉంది. ప్రతిసారీ కొత్తగా డబ్బు కట్టినట్టు నటించే బాధ తప్పుతుంది. అక్కడ ఏమీ కనిపించకపోతే పేమెంట్ గేట్‌వేలో నువ్వు ఇచ్చిన చిరునామా చూసుకో. కనిపించి 404 అయితే చిరునామాలో సైటు పేరు తర్వాతి దారి తప్పు రాశావు. సంతకం (కబురు గేట్‌వే నుంచే వచ్చిందని చూపే కోడ్) సరిపోలేదని నీ కోడే తిరస్కరిస్తుంటే, వచ్చిన బాడీని (కబురులోని అసలు సమాచారం) జేసన్ రూపంలో విప్పి మళ్లీ కట్టి సంతకం లెక్కిస్తున్నావేమో చూడు. ఒక్క ఖాళీ మారినా సంతకం మారిపోతుంది. బాడీ ఎలా వచ్చిందో ఆ ముడి రూపం మీదే లెక్కించాలి. ఇది టన్నెల్ తప్పనుకుని రోజులు పోగొట్టుకునే పిల్లలను చాలామందిని చూశాను.

ఇదంతా ఎందుకు, రౌటర్‌లోనే పోర్టు తెరుద్దామని మీ నాన్న అంటున్నారట. రౌటర్ పేజీలో బయటి ఐపీ చూడమను. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, అసలు పబ్లిక్ చిరునామా మీ ఇంటిది కాదు, ఇంటర్నెట్ ప్రొవైడర్‌ది, చాలా ఇళ్లు దాన్ని పంచుకుంటాయి. రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి రిక్వెస్టు మీ ఇంటికి రాదు.

టన్నెల్ తెరిచి ఉన్నంతసేపూ పేమెంట్ గేట్‌వే టెస్ట్ కీలే వాడు, పని కాగానే ఏజెంట్‌ను ఆపెయ్యి. తప్పుల వివరాలు చూపే డీబగ్ పేజీల్లో డేటాబేస్ వివరాలు బయటపడే ప్రమాదం ఉంది. నీ చిరునామా ఎవరికీ చెప్పకపోయినా, ఇలాంటి పేర్లను వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములు ఉన్నాయి.

ఇంకా కుదరకపోతే ఎర్రర్ పేజీ పూర్తి ఫోటో, ఏజెంట్‌కు ఇచ్చిన ఆదేశం, ఆ రెండు కర్ల్ జవాబులు పంపు. టోకెన్ కనిపించకుండా చెరిపి పంపు.

ప్రేమతో,
పిన్ని