లెట్రోజోల్ మొదలుపెట్టాక కీళ్ల నొప్పులు: అమ్మ మాత్ర మానేస్తానంటోంది, ఏం చేయాలి?

మీ ప్రశ్న చదివాను అమ్మా. మీ అమ్మగారికి 58 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. క్యాన్సర్ తిరిగి రాకుండా ఇచ్చే లెట్రోజోల్ మాత్ర మొదలైన మూడో నెల నుంచి వేళ్లు, మోకాళ్లు పట్టేస్తున్నాయి. నెల్లూరు నుంచి చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు మూడు నెలలకోసారి వస్తున్నామని, ఈలోగా ఆవిడ మాత్ర మానేస్తానంటున్నారని రాశారు. నేను ఉండేది చెన్నైలోనే. నాకూ ఇదే జబ్బు, నేనూ లెట్రోజోల్‌తోనే మొదలుపెట్టాను.

డాక్టర్‌ను అడగకుండా మాత్ర ఆపనివ్వకండి. అలాగని ఓర్చుకోమని కూడా అనకండి. నోరు మూసుకుని ఓర్చుకునేవాళ్లే ఓ రోజు ఎవరికీ చెప్పకుండా మానేస్తారు.

నెలసరి ఆగిపోయాక కూడా ఒంట్లోని కొవ్వులో, కండరాల్లో ఆరోమటేజ్ అనే ఎంజైమ్ కొంత ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ను తయారుచేస్తూనే ఉంటుంది. హార్మోన్ పాజిటివ్ క్యాన్సర్, అంటే ఇలాంటి హార్మోన్ ఆసరాతో పెరిగే రకం, పెరగడానికి అది చాలు. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎక్సిమెస్టేన్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. దాంతో ఈస్ట్రోజెన్ బాగా పడిపోయి కీళ్లు బిగుసుకుంటాయి. ఈ మందులు వాడేవాళ్లలో దాదాపు సగం మందికి ఈ బాధ ఉంటుంది, ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లోనే మొదలవుతుంది. కాబట్టి మీ అమ్మగారిది అతి కాదు, భయమూ కాదు.

నాకు పొద్దున లేవగానే పిడికిలి మూసుకునేది కాదు. కాఫీ ఫిల్టర్ పై గిన్నె బిగుసుకుంటే తీయడానికి కోడల్ని పిలిచేదాన్ని. జాకెట్టు హుక్కులు పెట్టుకునేసరికి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇంటి దగ్గర డాక్టర్ ఒకాయన "వయసు కదమ్మా" అని పంపేశారు. మా ఆంకాలజిస్ట్ (క్యాన్సర్ డాక్టర్) దగ్గర మాత్రం ఈ ఫిల్టర్ సంగతి, హుక్కుల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పుడు ఆవిడ పెన్ను పక్కన పెట్టి నా వేళ్లు ఒక్కొక్కటే వంచి చూశారు. విటమిన్ డి, థైరాయిడ్ పరీక్షలు రాశారు. ఈ మందు ఎముకల్ని కూడా బలహీనపరుస్తుంది కాబట్టి ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించమన్నారు.

అమ్మగారు తెలుగులో చెప్పేది మీరు డాక్టర్‌కు తమిళంలోనో ఇంగ్లీషులోనో చెబుతుంటారు కదా, అక్కడే సగం ఎగిరిపోతుంది. "పెయిన్ ఉందట" అని తేల్చేయకండి. ఏ పని చేసుకోలేకపోతున్నారో, పొద్దున బిగువు ఎంతసేపు ఉంటోందో అన్నీ చెప్పండి.

నాకు అన్నిటికన్నా పనిచేసింది నడక. నొప్పిగా ఉన్నప్పుడు నడవమంటే కోపం వస్తుంది, నాకూ వచ్చింది. ముందు గోరువెచ్చని నీళ్ల బేసిన్‌లో చేతులు పెట్టి, నీళ్లలోనే మెల్లగా పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉంటాను. వేళ్లు కాస్త వదులయ్యాక బెసంట్ నగర్ బీచ్ పక్కన నడుస్తాను, ఇసుకలో కాదు, గట్టి నేల మీదే. అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్లు ఇవే మందులు వాడే ఆడవాళ్లతో ఏడాది పాటు వారానికి 150 నిమిషాల వ్యాయామం, రెండుసార్లు బరువులతో కసరత్తు చేయిస్తే, తీవ్రమైన నొప్పి స్కోరు సుమారు 29 శాతం తగ్గింది. అమ్మగారు పది నిమిషాలతో మొదలుపెట్టినా చాలు. ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసి ఉంటే మాత్రం, ఆ వైపు చేత్తో బరువులు ఎత్తే ముందు ఫిజియోథెరపిస్ట్‌ను అడగాలి, చేయి వాపు రావచ్చు.

నడకతో నాకు పూర్తిగా సరిపోలేదు. డాక్టర్ లెట్రోజోల్ కొన్ని వారాలు ఆపించి ఎక్సిమెస్టేన్‌కు మార్చారు. ఒకటి పడనివాళ్లకు ఇంకొకటి పడొచ్చు. నొప్పులు మాయం కాలేదు గానీ ఫిల్టర్ నేనే తీసుకుంటున్నాను. డ్యులోక్సెటిన్ అనే మందు కూడా కొందరికి ఇస్తారు, టామోక్సిఫెన్ అనే ఇంకో రకం హార్మోన్ మాత్ర వాడేవాళ్లకు మాత్రం అది సాధారణంగా ఇవ్వరు. ఆక్యుపంక్చర్‌తో నొప్పి కొంత తగ్గుతుందని 2018లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. నేను చేయించుకోలేదు. నొప్పి మాత్రలు రోజూ మింగడం, ముఖ్యంగా బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, మంచిది కాదు. ఎవరో తెచ్చిచ్చే పేరులేని చూర్ణాలు అసలొద్దు, కొన్నిట్లో స్టెరాయిడ్లు కలుపుతారు.

నొప్పి ఒకే చోట ఉండి, రాత్రిళ్లు నిద్ర లేపుతూ, రోజురోజుకీ పెరుగుతుంటే దాన్ని మాత్ర ఖాతాలో వేయకండి, వెంటనే చూపించండి. ఒక కీలు వాచి ఎర్రబడినా అంతే.

మామూలు నొప్పులే అయినా మూడు నెలల రివ్యూ దాకా ఆగక్కర్లేదు. ఈ వారమే ఆస్పత్రికి ఫోన్ చేసి ముందు తేదీ అడగండి, అమ్మగారు వాడే మాత్రలన్నీ, బీపీ షుగర్‌వి కూడా, ఒక సంచిలో వేసి తీసుకురండి.