స్పెక్ట్రమ్ సెన్సింగ్ ప్రాజెక్టు వద్దనాలా?

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అమ్మాయి విజయనగరంలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. వాడకంలో లేని రేడియో ఫ్రీక్వెన్సీలను గుర్తించే ‘స్పెక్ట్రమ్ సెన్సింగ్’పై ప్రాజెక్టు చేస్తానంటోంది. దాని బదులు సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోమని మేం అంటున్నాం. ఈ అంశానికి భవిష్యత్తు ఉందా?

జవాబు: మీ అమ్మాయిని మాన్పించవద్దు. అయితే ఇదే పేరుతో ఉద్యోగ ప్రకటనలు వస్తాయని మాత్రం ఎదురుచూడకండి.

ఒకరికి కేటాయించిన ఫ్రీక్వెన్సీ అన్ని చోట్లా, అన్ని వేళలా వాడకంలో ఉండదు. ఆ ఖాళీని కనిపెట్టి మరొకరు వాడుకుంటూ, అసలు హక్కుదారు రాగానే తప్పుకోవడమే ఇందులోని ఆలోచన. టీవీ ఛానళ్ల మధ్య ఖాళీలను గ్రామీణ బ్రాడ్‌బ్యాండ్‌కు వాడేందుకు, సాంకేతిక ప్రమాణాలు రూపొందించే ఇంజినీర్ల సంస్థ ఐట్రిపుల్ఈ నుంచి 802.22 ప్రమాణం 2011లో వచ్చింది.

వినడానికి తేలికగా ఉన్నా, ఫలానా ఛానల్ ఖాళీగా ఉందని యంత్రం చేత తేల్చి చెప్పించడం చాలా కష్టం. అందిన శక్తిని కొలిచి ఒక హద్దుతో పోల్చడం అన్నింటికన్నా సులువైన పద్ధతి; హద్దు తగ్గిస్తే నాయిస్‌నే (ఎప్పుడూ ఉండే రేడియో రొదనే) సిగ్నల్ అనుకుంటుంది, పెంచితే బలహీనమైన సిగ్నల్‌ను వదిలేస్తుంది. పైగా నాయిస్ స్థాయి కచ్చితంగా తెలియనప్పుడు, సిగ్నల్ ఒక మేరకు మించి బలహీనపడితే ఎంతసేపు విన్నా ఈ పద్ధతితో తేలదు. రామతీర్థం కొండ చాటున ఉన్న రిసీవర్‌కు అవతలి ప్రసారం అందకపోవచ్చు. అది ఛానల్ ఖాళీ అనుకొని ప్రసారం మొదలుపెడితే, కొండ ఇవతలే కాస్త ఎత్తున ఉండి ఆ ప్రసారాన్ని అందుకుంటున్న ఇంటివారికి అంతరాయం కలుగుతుంది. అందుకే వేర్వేరు చోట్ల ఉన్న రిసీవర్ల తీర్పులను కలిపి చూసే పద్ధతులు వచ్చాయి. ప్రాజెక్టుకు నాకు అన్నింటికన్నా నచ్చే భాగం ఇదే.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. తామున్న చోటును బట్టి డేటాబేస్‌ను అడిగి ఖాళీ ఛానల్ తెలుసుకునే పరికరాలకు సెన్సింగ్ తప్పనిసరి కాదని అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2010లో నిర్ణయించింది. దానితో టీవీ ఛానళ్ల విషయంలో సెన్సింగ్‌కు ప్రాధాన్యం తగ్గింది. అయినా అదే దేశంలో 3550–3700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ను పంచుకునేటప్పుడు, నౌకాదళ రాడార్లను పసిగట్టేందుకు తీరం వెంట సెన్సర్లు పెట్టారు.

ఉద్యోగాల మాటకొస్తే, ఈ ప్రాజెక్టుతో అబ్బే సిగ్నల్ ప్రాసెసింగ్, సంభావ్యత, పైథాన్ నైపుణ్యాలు మొబైల్ నెట్‌వర్క్, రాడార్ రంగాలు రెండింటిలోనూ అక్కరకొస్తాయి. అంటే ప్రోగ్రామింగ్ ఎలాగూ నేర్చుకుంటుంది. ప్రభుత్వ కొలువు కావాలంటే, యూపీఎస్సీ నిర్వహించే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష ద్వారా భర్తీ అయ్యే ఇండియన్ రేడియో రెగ్యులేటరీ సర్వీస్ ఉంది; ఫ్రీక్వెన్సీల పర్యవేక్షణే ఆ విభాగం పని. పరిశోధన వైపు వెళ్లాలంటే గేట్ రాసి ఎంటెక్ చేయడం మంచిది.

మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో చేసే సిమ్యులేషన్‌తో (కంప్యూటర్‌లోని నమూనా ప్రయోగంతో) సరిపెట్టుకుంటే మాత్రం ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. యూఎస్‌బీకి తగిలించే చవకైన ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ రిసీవర్, ఉచితంగా దొరికే గ్నూ రేడియో సాఫ్ట్‌వేర్ ఉంటే ఎఫ్‌ఎం బ్యాండ్‌ను స్వయంగా కొలవవచ్చు. బొబ్బిలిలో మీ డాబా మీద, విజయనగరంలో హాస్టల్ గదిలో ఒకే ఛానల్‌ను కొలిచి, రెండు చోట్లా హద్దు ఎక్కడ పెట్టాల్సి వచ్చిందో రాసుకోమనండి. లైసెన్సు లేకుండా ప్రసార ప్రయోగాలకు మాత్రం దిగకూడదు.