ఆయాసానికి రాసిన రక్త పరీక్ష: బీమా ఎప్పుడిస్తుంది, ఎక్కడ ఆగుతుంది

ప్రశ్న: మా నాయనకి 68 ఏళ్లు. పడుకుంటే ఆయాసం, సాయంత్రానికి కాళ్ల వాపు. నెల్లూరు పొగతోటలో చూపిస్తే డాక్టరుగారు ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ (గుండె మీద ఒత్తిడి పడుతోందేమో చెప్పే రక్త పరీక్ష) రాశారు. రెండు వేల పైనే అయింది. తర్వాతి వారంలో హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేకపోవడం) అని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. క్యాష్‌లెస్‌లో బిల్లు కట్టారుగానీ ఈ పరీక్ష డబ్బు రాలేదు. ఇక రానట్టేనా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: వస్తుంది, కానీ మీరు అడగాలి. క్యాష్‌లెస్ అంటే చేరినప్పటి నుంచి డిశ్చార్జ్ దాకా ఆసుపత్రి వేసిన బిల్లు మాత్రమే. చేరకముందు బయట పెట్టిన ఖర్చును రీయింబర్స్‌మెంట్ కింద విడిగా పెట్టుకోవాలి. కంపెనీలు ఒకే షరతులతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 రోజుల ఖర్చు, డిశ్చార్జ్ అయ్యాక 60 రోజుల ఖర్చు ఇస్తారు. అందులో 5 శాతం మీరే భరించాలి. వేరే పాలసీల్లో ఈ రోజులు ఎక్కువ ఉండొచ్చు, మీ పాలసీ పుస్తకంలో చూసుకోండి. ఏ పాలసీలోనైనా షరతు ఒకటే: ఏ జబ్బుకి చేరారో ఆ జబ్బుకి పెట్టిన ఖర్చే అయ్యుండాలి.

చిక్కంతా ఆ షరతు దగ్గరే. మన ఓపీ చీటీలు ఎలా ఉంటాయో చూడండి: పైన పేరు, వయసు, బీపీ; కింద ‘సీబీపీ, క్రియాటినిన్, ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ, ఎకో’ అని నాలుగు మాటలు, ఒక సంతకం. ఎందుకు రాశారో ఒక్క ముక్క ఉండదు. హైదరాబాదులోనో చెన్నైలోనో కూర్చుని ఆ చీటీ చూసే టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) ఉద్యోగికి అది మామూలు హెల్త్ చెకప్‌లా కనబడుతుంది, పక్కన పెట్టేస్తాడు. అదే చీటీలో ‘పడుకుంటే ఆయాసం, రెండు పాదాల వాపు, హార్ట్ ఫెయిల్యూర్ అనుమానం’ అని ఉంటే మారు మాట్లాడడు. డాక్టరుగారి దగ్గరికి మళ్లీ వెళ్లి, ఆ రోజు కేసు రికార్డును బట్టి ఈ వాక్యంతో ఒక లెటరు తీసుకోండి. పాత తేదీ వేయించొద్దు, ఈ రోజు తేదీతోనే చాలు.

పెట్టాల్సిన కాగితాలు: మీరు నింపే క్లెయిమ్ ఫారం పార్ట్ ఏ, పరీక్ష రాసిన చీటీ, ల్యాబు రిపోర్టు, నంబరున్న అసలు బిల్లు, డిశ్చార్జ్ సమ్మరీ నకలు, మీ బ్యాంకు చెక్కు. ల్యాబు కౌంటరులో ఇచ్చే ఎస్టిమేట్ స్లిప్పు బిల్లు కిందికి రాదు. బిల్లు మీద నాయనగారి పేరు పాలసీలో ఉన్నట్టే ఉండాలి. ఇంట్లో పిలిచే పేరు చెప్పి రాయించుకొచ్చి ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. పరీక్ష తేదీ చీటీ తేదీకంటే ముందుండకూడదు. గడువు సంజీవనిలో డిశ్చార్జ్ నుంచి 30 రోజులు. తర్వాతి మందులు, పరీక్షల బిల్లులకైతే ఆ 60 రోజులు ముగిశాక మరో 15 రోజులు.

ప్రశ్న: ఒక్క రోజు అడ్మిట్ అయితే ఈ పరీక్షలూ ఎకో అన్నీ బీమాలో వెళ్లిపోతాయని ఒకరు చెప్పారు. నిజమేనా?
– ఒక గృహిణి, బుచ్చిరెడ్డిపాలెం

జవాబు: కాదు. కేవలం పరీక్షల కోసం చేరితే ఇవ్వరని దాదాపు అన్ని పాలసీల్లోనూ ఒకే మాటలతో ఉంటుంది, దాని గుర్తు ఎక్స్‌క్లూజన్ 04. చేరాక ఇంజెక్షనో ఆక్సిజనో ఏదో ఒక చికిత్స జరిగి, అది కేస్ షీటులో కనబడాలి. లేదంటే పరీక్ష డబ్బుతోపాటు గది అద్దె కూడా మీ నెత్తినే పడుతుంది.

ప్రశ్న: అమ్మకి హార్ట్ ఫెయిల్యూర్ అని డిశ్చార్జ్ సమ్మరీలో రాశారు. ఆసుపత్రివాళ్లు నింపిన ఫారంలో మాత్రం ఐ10 అని కోడ్ ఉంది. ‘బీపీకి బీఎన్‌పీ ఎందుకు?’ అని టీపీఏ క్వెరీ వేసింది. పైగా ‘బీపీ పదేళ్లుగా’ అని రాసి ఉందట. మాకు తెలిసి మూడేళ్లే.
– ఒక పాఠకురాలు, కోవూరు

జవాబు: ఇందులో రెండు సంగతులున్నాయి. రెండోదే పెద్దది.

మొదట కోడ్. ఫారం పార్ట్ బీ ఆసుపత్రి నింపుతుంది. ప్రధాన జబ్బు, తోడు జబ్బులు ఐసీడీ-10 (జబ్బులకి అంతర్జాతీయంగా వాడే) కోడ్‌లలో వేయాలి. ఐ10 అంటే ఉత్త బీపీ. హార్ట్ ఫెయిల్యూర్‌కి ఐ50: అందులో ఐ50.0 కంజెస్టివ్, ఐ50.1 ఎడమ జఠరికది, ఏ రకమో రాయకపోతే ఐ50.9. బీపీ వల్లే గుండె దెబ్బతిందని డాక్టరు రాస్తే ఐ11.0, దాంతో కిడ్నీ కూడా దెబ్బతింటే ఐ13.0. సమ్మరీలో ఉన్న జబ్బుకి తగ్గ కోడ్‌తో సరిచేసిన పార్ట్ బీ ఇవ్వమని బిల్లింగ్ విభాగాన్ని అడగండి. ఇది వాళ్లకి రోజూ ఉండే పనే.

అంకె గురించీ అడిగితే చెప్పడానికి: గుండె కింది గదుల గోడలు ఒత్తిడికి సాగినప్పుడు బీఎన్‌పీ, దాంతోపాటే పుట్టే ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ అనే పదార్థాలు రక్తంలోకి వస్తాయి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినవాళ్లలో ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ మిల్లీలీటరుకి 300 పికోగ్రాముల లోపుంటే హార్ట్ ఫెయిల్యూర్ దాదాపు కాదనుకోవచ్చు. ఉందనడానికి 50 ఏళ్లలోపు 450, 75 దాకా 900, ఆపైన 1800 దాటాలి. కిడ్నీ జబ్బు, గుండె లయ తప్పడం అంకెను పెంచుతాయి, స్థూలకాయం తగ్గిస్తుంది. సాక్యుబిట్రిల్ అనే గుండె మందు కలిసిన మాత్ర వాడేవాళ్లకి బీఎన్‌పీ పెరిగి కనబడుతుంది కాబట్టి వాళ్లకి ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీయే చేయాలి. రిపోర్టులో ఏ పరీక్షో చూడండి, రెండింటి అంకెలూ ఒకటి కావు.

ఇక ‘పదేళ్లుగా’ అన్న మాట. అడ్మిషన్ రాత్రి కంగారులో ఎవరో చెప్పింది డ్యూటీ డాక్టరు రాసేస్తారు. ఆ మాటతో పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బు దాచారంటూ క్లెయిమ్ కొట్టేస్తారు. బీపీ మొదట బయటపడ్డ నాటి చీటీ వెతికి, దాని ఆధారంగా చికిత్స చేసిన డాక్టరు సంతకం, ముద్రతో సవరణ లెటరు తీసుకోండి. చీటీ లేకుండా లెటరొక్కటే అయితే నమ్మరు. బీమా నియంత్రణ సంస్థ 2024 నియమాల ప్రకారం ముందే ఉన్న జబ్బుకి వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే కాలం) 36 నెలలు మించకూడదు. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, మోసమని రుజువైతే తప్ప దాచారన్న మాట ఎత్తకూడదు.

అయినా తిరస్కరిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదు బీమా అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి.

ప్రశ్న: ఒంగోలులో మెడికల్ కోడింగ్ (జబ్బులు, పరీక్షలను బిల్లు కోసం కోడ్‌లుగా రాసే పని) నేర్చుకుంటున్నాను. అమెరికా చార్టులో ‘రూల్ అవుట్ సీహెచ్ఎఫ్’ (హార్ట్ ఫెయిల్యూర్ కాదని తేల్చుకోవాలి) అని ఉండి 83880 (బీఎన్‌పీ పరీక్ష కోడ్) చేస్తే ఐ50.9 వేయొచ్చా?
– ఒక విద్యార్థిని

జవాబు: ఓపీ చార్టయితే వేయకూడదు. అక్కడి నియమం ప్రకారం ఓపీలో అనుమానాన్ని జబ్బుగా కోడ్ చేయరు. లక్షణమే వేయాలి: ఊపిరి అందకపోతే ఆర్06.02, పడుకుంటే వచ్చే ఆయాసానికి ఆర్06.01. 83880 బీఎన్‌పీ, ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ రెండింటికీ ఒకటే. జబ్బు ఖాయమై, బీపీ కూడా ఉంటే, సంబంధం లేదని డాక్టరు రాస్తే తప్ప ముందు ఐ11.0, తర్వాత ఐ50లో రకం. దీర్ఘకాలిక సిస్టాలిక్ (గుండె బలంగా ముడుచుకోలేని రకం) అయితే ఐ50.22. ‘స్క్రీనింగ్’ (లక్షణాలు లేకుండా చేసే పరీక్ష) జెడ్ కోడ్ ఒక్కటే వేస్తే మెడికేర్ (అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా) తిరగ్గొడుతుంది. మెడికేర్ తరఫున క్లెయిమ్‌లు చూసే ఆ ప్రాంతపు కాంట్రాక్టరు ఒప్పుకునే కోడ్‌ల జాబితా చూడండి. కానీ జాబితాలో ఉందని చార్టులో లేని జబ్బు వేయొద్దు, ఆడిట్‌లో మొదట పట్టుబడేది అదే.

ప్రశ్న: చీమకుర్తి క్వారీలో పాతికేళ్లు పని చేశాను. ఆయాసం. దుమ్ము వల్లా, గుండె వల్లా? వైద్యసేవ కార్డుంది.
– ఒక కార్మికుడు

జవాబు: ఆ రెండింటినీ విడదీయడానికే ఈ ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ పరీక్ష పనికొస్తుంది. అంకె తక్కువగా ఉంటే డాక్టరు ముందు ఊపిరితిత్తుల వైపు చూస్తారు, ఛాతీ ఎక్స్‌రే, ఊదే పరీక్ష చేయిస్తారు. క్వారీలో పని చేసిన సంగతి, ఎన్నేళ్లన్నదీ చీటీలో తప్పక రాయించండి. సిలికా దుమ్ము జబ్బని తేలితే దాని కోడ్ జె62.8, హార్ట్ ఫెయిల్యూర్ కోడ్ కాదు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ నెట్‌వర్క్ ఆసుపత్రిలో ముందు వైద్యమిత్రని (అక్కడ ఈ పథకం పనులు చూసే సహాయకుడిని) కలవండి. ప్యాకేజీకి ఆమోదం వచ్చాక పరీక్షలు, మందులు అందులోనే కలిసి ఉంటాయి. ఈ రక్త పరీక్షకి విడిగా కట్టమంటే కట్టకండి, 104కి ఫోన్ చేయండి.

ప్రశ్న: బీమా ఇవ్వని పరీక్ష డబ్బు ఆదాయపు పన్నులోనైనా చూపొచ్చా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, సింగరాయకొండ

జవాబు: పాత పన్ను విధానంలో ఉంటే చూపొచ్చు. ఆరోగ్య బీమా లేని 60 ఏళ్లు దాటినవారు ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 80డీ (2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో సెక్షన్ 126) కింద వైద్య ఖర్చు 50,000 దాకా తగ్గించుకోవచ్చు. నగదు కాకుండా కార్డులోనో యూపీఐలోనో కట్టి ఉండాలి. బీమా ఉంటే ముందుజాగ్రత్త చెకప్‌గా చేయించినదానికి 5,000 వరకే, అదీ ప్రీమియంతో కలిపిన పరిమితిలోపే. ఈ చెకప్‌కి మాత్రం నగదు కట్టినా ఫర్వాలేదు. కొత్త విధానంలో ఇవేవీ లేవు.